వాటా ఇళ్ళు – అద్దె చట్టం

వాటా ఇంట్లో కాపురం చేసినవారికి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కుళాయి ఒకటే, మెట్లు ఒకటే, బట్టలారేసే తీగ ఒకటే. అద్దెలు మాత్రం నాలుగు! ఊరినుంచి చుట్టాలొస్తే, "ఎన్నాళ్ళుంటారమ్మా?" అని ఇంటావిడ అడగకముందే మనమే చెప్పేస్తాం. ఆ సంకోచం వెనక పెద్ద చరిత్రే ఉంది.

నాగర్‌కర్నూలు జిల్లా తిమ్మాజిపేటనే తీసుకోండి. 2016 దాకా అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. వానను నమ్ముకున్న పాలమూరు పల్లెల్లోంచి పనికోసం హైదరాబాదుకు, బొంబాయికి తరతరాలుగా వలస పోయారు. "పాలమూరు లేబర్" అన్న పేరే పడిపోయింది. ముందు వెళ్ళినవారి గదిలోనే వెనక వచ్చినవారు దిగడం రివాజు. కిరాయి పంచుకుంటేనే కదా, ఊళ్ళో ముసలివాళ్ళకు నాలుగు రూపాయలు పంపేది!

సరిగ్గా ఈ పంచుకోవడం దగ్గరే చిక్కు. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు అద్దె చట్టం, తెలంగాణలో 1954 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. 1960లో ఆ రెంటి స్థానంలో ఒకే చట్టం వచ్చింది. విడిగా అద్దెకిచ్చిన వాటాను కూడా అది ఇల్లుగానే లెక్కించింది. న్యాయమైన అద్దె కట్టమని కంట్రోలరును అడగవచ్చు. అద్దె కడితే రసీదు అడిగే హక్కుంది. ఊరికే ఖాళీ చేయించడానికి వీల్లేదు.

అయితే ఇంటివారి రాతపూర్వకమైన అనుమతి లేకుండా ఒక గదైనా మరొకరికి అద్దెకిస్తే, ఖాళీ చేయించడానికి అదే కారణమవుతుంది. చుట్టాన్ని ఉంచుకోవడం వేరు, డబ్బు తీసుకుని గది అప్పగించడం వేరు. కానీ నిరుపేద కూలి ఆ తేడాను కోర్టుకెక్కి నిరూపించుకోగలడా? పైగా హోటలు గదీ, బోర్డింగు హౌసు గదీ చట్టానికి బయటే. మంచానికింత అని కట్టే హాస్టలు ఆడపిల్లలకు అది అక్కరకు రావడం కష్టం. తిమ్మాజిపేట వంటి పంచాయతీ ఊళ్ళకైతే, ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తేనే వర్తిస్తుంది.

ఇంటివారి బాధ ఇంకొకటి. దిగినవారు కదలరేమోనన్న భయంతో వాటాలకు తాళం వేసినవారూ ఉన్నారు, మరమ్మతులు మానేసినవారూ ఉన్నారు. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన ఇళ్ళకిచ్చిన మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 2005 సవరణతో కార్పొరేషన్లలో నెల అద్దె 3,500 రూపాయలు, ఇతరచోట్ల 2,000 దాటితే చట్టం వర్తించకుండా పోయింది. ఆ అద్దెకు ఇవాళ నగరంలో వాటా ఎక్కడ దొరుకుతుంది, చెప్పండి?

కట్టడి మరీ బిగిస్తే ఇళ్ళు మూతపడతాయి. బొత్తిగా వదిలేస్తే బీదవారు వీధిన పడతారు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా చట్టం, నివాసపు అద్దెకు రెండు నెలలకు మించి అడ్వాన్సు కూడదంది. అందులోనూ లాడ్జీలకు, ధర్మశాలలకు చోటు లేదు.

చట్టం సంగతి అలా ఉంచి, మన గడపలో మనం చేయగలిగింది ఒకటుంది. ఎవరెవరు ఉంటారు, చుట్టాలొస్తే ఎన్నాళ్ళు, నీళ్ళెలా పంచుకోవాలి, ఎన్నాళ్ళ ముందు చెప్పి ఖాళీ చేయాలి - దిగేనాడే కాగితం మీద రాసుకుందాం. నెలనెలా రసీదు ఇద్దాం. అప్పుడు ఊరినుంచి తమ్ముడొచ్చినా, ఆ ఇల్లాలు వాణ్ణి దొంగచాటుగా ఉంచుకోవలసిన అగత్యం ఉండదు.