మిణుకులు లెక్కపెట్టిన రోజులు

1998లో విజయవాడ ఆటోనగర్‌లో నేను పానాలు అందించే కుర్రాడిగా చేరినప్పుడు స్టీరింగ్ జబ్బు చెవికే తెలిసేది. తిప్పగానే పంపు మూలిగిందా, ఆయిల్ తగ్గినట్టు. కీచుమందా, బెల్టు వదులు. కోడ్ అన్న మాటే వినలేదు.

అమెరికాలో జనరల్ మోటార్స్ మాత్రం 1980ల తొలినాళ్ల నుంచే కార్ల చేత తప్పులు చెప్పించేది. కారు సాకెట్‌లోని రెండు పిన్నుల్ని తీగతో కలిపితే ఇంజన్ దీపం మిణుకుమనేది: ఒకసారి, కాస్త ఆగి రెండుసార్లు. అంటే కోడ్ 12. కంపెనీకో భాష. 1996 మోడళ్ల నుంచి అక్కడ ఓబీడీ-2 అనే ఉమ్మడి తప్పుల పద్ధతి తప్పనిసరయ్యాక సాకెట్టూ, అంకెల వరసా ఒక్కటయ్యాయి.

ఆయిల్ అక్కర్లేని ఎలక్ట్రిక్ స్టీరింగ్‌ను సుజుకీ 1988లోనే సెర్వో కారుకు పెట్టింది. చేతి బలాన్ని టార్క్ సెన్సర్ కొలిస్తే, మోటారు సాయం పడుతుంది. దాని తప్పుల కోడ్‌లు ఎక్కువగా ‘సి’తో మొదలవుతాయి, సి అంటే చాసిస్. పక్క అంకె 0 అయితే అందరికీ ఒకటే. 1 అయితే కంపెనీ సొంత గోల, వాళ్ల పుస్తకం ఉంటేనే అర్థమవుతుంది. ‘యు0131’ అంటే స్టీరింగ్ కంప్యూటర్‌తో మాటలు తెగాయని.

అలాంటి స్టీరింగ్ ఉన్న కారుకు నేను మొదటిసారి స్కానర్ పెట్టి, టార్క్ సెన్సర్ కోడ్ చూసి, స్టీరింగ్ కాలమ్ మొత్తం మార్చాలన్నాను. మా మేస్త్రి బాబాయ్ స్క్రీన్ వంక చూడనే లేదు.

“ముందు బ్యాటరీ ఎర్తు చూడరా.”

బోల్టు కింద పచ్చటి చిలుము. గీకి, బిగించి, కోడ్ చెరిపాం, మళ్లీ రాలేదు. కారాయన చేతిలో పెట్టింది వంద రూపాయలు. కాలమ్ మార్చి ఉంటే ఎంత మిగిలేదో నేను లెక్కేస్తున్నానని బాబాయ్ పసిగట్టాడు. టీలు తెమ్మని పంపాడు.