మిశ్రమ ఆర్థిక పత్రాలు

మిశ్రమ ఆర్థిక పత్రాలు అనగా అప్పు, వాటా అనే రెండింటి లక్షణాలూ కలిగిన పెట్టుబడి పత్రాలు. మార్కెట్ వ్యవహారంలో వీటిని హైబ్రిడ్ సెక్యూరిటీలు అంటారు. ఆధిక్యపు వాటాలు, మార్పిడికి వీలున్న డిబెంచర్లు, విదేశీ కరెన్సీ కన్వర్టిబుల్ బాండ్లు, బ్యాంకులు జారీచేసే అదనపు టైర్-1 బాండ్లు ఈ కోవలోకి వస్తాయి. పత్రం పేరు బాండు అయినా, షేరు అయినా, నష్టం వచ్చినపుడు దానిని ముందుగా ఎవరు భరించాలన్నది జారీ షరతులను బట్టి తేలుతుంది.

అప్పుకు, వాటాకు భేదం

కంపెనీకి అప్పు ఇచ్చినవారు ఋణదాతలు. వాటా కొన్నవారు యజమానులు. లాభనష్టాలతో నిమిత్తం లేకుండా ఋణదాతకు నిర్ణీత వడ్డీని, గడువు తీరగానే అసలును చెల్లించాలి. సాధారణ వాటాదారునికి ఇటువంటి హామీ ఉండదు. కంపెనీ డివిడెండు ప్రకటిస్తేనే అతనికి ఆదాయం వస్తుంది. అందుకు బదులుగా ఓటుహక్కు, కంపెనీ ఎదుగుదలలో భాగం లభిస్తాయి. కంపెనీ మూతబడినపుడు ఆస్తులు అమ్మగా వచ్చిన సొమ్మును మొదట ఋణదాతలకు, తరువాత ఆధిక్యపు వాటాదారులకు, ఇంకా మిగిలితే సాధారణ వాటాదారులకు చెల్లిస్తారు.

పన్ను విషయంలోనూ తేడా కలదు. వడ్డీని ఖర్చుగా పరిగణించి, పన్ను లెక్కించే ముందే లాభం నుండి తీసివేస్తారు. డివిడెండును మాత్రం పన్ను పోగా మిగిలిన లాభం నుండి చెల్లించాలి. వడ్డీ భారం తగ్గించుకుంటూ, యాజమాన్యంపై పట్టు వెంటనే కోల్పోకుండా నిధులు సేకరించాలనుకునే కంపెనీలు మిశ్రమ పత్రాలను ఎంచుకుంటాయి.

ఆధిక్యపు వాటాలు

వీటినే ప్రిఫరెన్స్ షేర్లు అంటారు. వీటిపై డివిడెండు రేటు ముందే నిర్ణయమై ఉంటుంది. సాధారణ వాటాదారుల కంటే ముందుగా చెల్లించాలి. లాభాలు లేని సంవత్సరపు డివిడెండు తరువాతి సంవత్సరాలకు బకాయిగా చేరితే వాటిని సంచిత ఆధిక్యపు వాటాలు అంటారు. భారతదేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం వీటి సొమ్మును 20 సంవత్సరాలలోగా తిరిగి చెల్లించాలి. మౌలిక వసతుల ప్రాజెక్టులకు మినహాయింపు కలదు. ఈ వాటాదారులు తమ హక్కులకు సంబంధించిన తీర్మానాలపై మాత్రమే ఓటు వేయగలరు. అయితే రెండేళ్ళు లేదా అంతకుమించి డివిడెండు చెల్లించకపోతే అన్ని తీర్మానాలపైనా ఓటుహక్కు వస్తుంది.

మార్పిడికి వీలున్న డిబెంచర్లు

ఇవి మొదట అప్పుగా ఉండి, తరువాత నిర్ణీత నిష్పత్తిలో వాటాలుగా మారగలవు. ఉదాహరణకు 1,000 రూపాయల డిబెంచరును 20 వాటాలుగా మార్చుకోవచ్చనుకుందాం. అప్పుడు ఒక్కొక్క వాటాకు పడే ధర 50 రూపాయలు. మార్కెట్లో వాటా ధర 70 రూపాయలైతే మార్పిడి వలన 1,400 రూపాయల విలువ వస్తుంది. ధర 30 రూపాయలకు పడిపోతే మార్పిడి విలువ 600 రూపాయలే గనుక, మదుపరి డిబెంచరును అలాగే ఉంచుకొని గడువు తీరాక అసలు తీసుకుంటాడు. ఈ వెసులుబాటు ఉన్నందువలన వీటిపై వడ్డీ మామూలు డిబెంచర్ల కంటే తక్కువగా ఉంటుంది.

కొన్ని డిబెంచర్లు తప్పనిసరిగా వాటాలుగా మారతాయి. ఇవి పేరుకు అప్పే అయినా స్వభావంలో వాటాలు. విదేశీ ప్రత్యక్ష పెట్టుబడుల నిబంధనలలో 2007 నుండి పూర్తిగా, తప్పనిసరిగా మారే పత్రాలనే వాటా పెట్టుబడిగా గుర్తిస్తున్నారు. మార్పిడి ఐచ్ఛికమైతే దానిని విదేశీ అప్పుగా లెక్కిస్తారు.

మార్పిడి బాండ్ల చరిత్ర 19వ శతాబ్దపు అమెరికా రైలుమార్గ సంస్థలతో ముడిపడి ఉంది. 1868లో ఈరీ రైల్వేను హస్తగతం చేసుకొనేందుకు కొర్నీలియస్ వాండర్‌బిల్ట్ వాటాలు కొంటుండగా, డేనియల్ డ్రూ, జే గౌల్డ్, జేమ్స్ ఫిస్క్‌లు మార్పిడి బాండ్లు జారీచేసి, వాటిని కొత్త వాటాలుగా మార్చి మార్కెట్లోకి వదిలారు. ఆయన ఎన్ని వాటాలు కొన్నా ఆధిక్యం దక్కలేదు. మార్పిడి జరిగినపుడు పాత వాటాదారుల భాగం పలుచబడుతుందనుటకు ఇది ప్రసిద్ధ ఉదాహరణ.

విదేశీ కరెన్సీ కన్వర్టిబుల్ బాండ్లు

2008 సంక్షోభానికి ముందు, వాటాల ధరలు పెరుగుతున్న కాలంలో అనేక భారతీయ కంపెనీలు డాలర్లలో ఈ బాండ్లు జారీచేశాయి. బాండ్లు వాటాలుగా మారిపోతాయని, అసలు తిరిగి చెల్లించే అవసరం రాదని ఆశించాయి. ధరలు కూలడంతో మదుపరులు మార్పిడి కోరలేదు. రూపాయి విలువ తగ్గడంతో చెల్లింపు భారం మరింత పెరిగింది. 2012 అక్టోబరులో సుజ్లాన్ ఎనర్జీ సుమారు 20.9 కోట్ల డాలర్ల బాండ్లను చెల్లించలేకపోయింది.

అదనపు టైర్-1 బాండ్లు

2008 సంక్షోభం తరువాత రూపొందిన బాసెల్-3 నిబంధనలు భారతదేశంలో 2013 ఏప్రిల్ 1 నుండి దశలవారీగా అమలయ్యాయి. వాటి ప్రకారం బ్యాంకులు జారీచేసే ఈ బాండ్లకు గడువు ఉండదు. వడ్డీని రద్దుచేసే అధికారం బ్యాంకుకు ఉంటుంది. రద్దయిన వడ్డీ బకాయిగా చేరదు. బ్యాంకు నిలదొక్కుకోలేని స్థితికి చేరిందని నియంత్రణ సంస్థ భావిస్తే అసలును పూర్తిగా కొట్టివేయవచ్చు.

2020 మార్చిలో యెస్ బ్యాంకు పునర్నిర్మాణ సమయంలో 8,415 కోట్ల రూపాయల అదనపు టైర్-1 బాండ్లను కొట్టివేశారు. పాత వాటాదారుల వాటాలు మాత్రం రద్దు కాలేదు. అనగా ఋణదాతల తరువాతి వరుసలో ఉండవలసినవారికి కొంత మిగిలింది, బాండు కొన్నవారికి ఏమీ మిగలలేదు. వెయ్యిమందికి పైగా వ్యక్తిగత మదుపరులు ఈ బాండ్లు కొన్నట్లు, వారిలో కొందరు ఫిక్సెడ్ డిపాజిట్లను గడువుకు ముందే రద్దు చేసుకొని ఆ సొమ్మును ఇందులో పెట్టినట్లు సెబీ దర్యాప్తులో తేలింది. 2020 అక్టోబరులో సెబీ ఈ బాండ్ల జారీని అర్హత గల సంస్థాగత మదుపరులకే పరిమితం చేసి, కనీస కేటాయింపును కోటి రూపాయలుగా నిర్ణయించింది. 2023 జనవరిలో బాంబే హైకోర్టు కొట్టివేత నిర్ణయాన్ని రద్దుచేయగా, ఆ తీర్పు అమలును అదే సంవత్సరం సుప్రీం కోర్టు నిలిపివేసింది.

2023 మార్చి 19న స్విట్జర్లాండులో క్రెడిట్ స్వీస్ బ్యాంకును యూబీఎస్‌లో విలీనం చేసే ఒప్పందం కుదిరినపుడు కూడా సుమారు 1,600 కోట్ల స్విస్ ఫ్రాంకుల బాండ్లు సున్నా అయ్యాయి. వాటాదారులకు మాత్రం సుమారు 300 కోట్ల ఫ్రాంకుల విలువైన యూబీఎస్ వాటాలు లభించాయి. ఈ కొట్టివేతకు చట్టపరమైన ఆధారం లేదని 2025 అక్టోబరులో స్విస్ ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం పేర్కొన్నది.

స్వభావాన్ని గుర్తించే విధానం

ఒక మిశ్రమ పత్రం అప్పుకు దగ్గరో, వాటాకు దగ్గరో తెలుసుకొనేందుకు ఈ అంశాలను పరిశీలిస్తారు:
* అసలు తిరిగి చెల్లించే గడువు ఉన్నదా?
* వడ్డీ లేదా డివిడెండు చెల్లింపు తప్పనిసరియా, కంపెనీ ఇష్టమా? ఆగిన చెల్లింపు బకాయిగా చేరుతుందా?
* మార్పిడి నిర్ణయం మదుపరిదా, కంపెనీదా, లేక తప్పనిసరియా?
* మూసివేత సమయంలో చెల్లింపు వరుసలో దాని స్థానమేమి?
* అసలును కొట్టివేసే షరతు ఉన్నదా?

ఇవి కూడా చూడండి

* డిబెంచరు
* వాటా మూలధనం
* బాసెల్ నిబంధనలు
* సెబీ