ఆదివారం పనీ, చచ్చిన గొడ్డూ, ఊరి దేవరా

ఒంగోలు బాప్తిస్టు సంఘం చరిత్ర రాయమంటే చాలామందిమి ఒక అంకె దగ్గరే ఆగిపోతాం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నిజమే, గొప్ప రోజే. ఆ రోజున ఒంగోలు మిషనరీ క్లౌ దొర మాత్రం ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. నీళ్లలో నిలబడినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు దిగారు. దొర ఏర్పాట్లు చూసుకున్నాడు. సంఘం జూబిలీ ఫొటోల్లో దొర ఉంటాడు, ఆ ఆరుగురూ కనిపించరు.

అంతకుముందు జరిగింది ఇంకా ముఖ్యం. ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువులో జనం మలమల మాడుతుంటే క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మన బోధకులే మేస్త్రీలయ్యారు. పగలు పని చూశారు, సందు దొరికితే సువార్త చెప్పారు. వేలమంది కూలీలు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని కరువు తీరేదాకా ఏడాదికి పైగా ఆపేశాడు. పని అయిపోయింది, కూలి ఆగిపోయింది, అప్పుడు కూడా వాళ్లు వచ్చారు. నా దృష్టిలో 2,222 కన్నా బరువైన లెక్క ఆ ఆపిన నెలలదే.

శిష్యుడిగా బతకడమంటే ఏమిటో ఈ సంఘం నది ఒడ్డున నేర్చుకోలేదు, మాదిగపల్లెల్లో నేర్చుకుంది. ఆ పాఠం మొదలుపెట్టినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు వాడు, తోళ్ల వ్యాపారి. సరుకుతో ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల నోట క్రీస్తు మాట విన్నాడు. దానికి చాలా ముందే ఆయన రాజయోగ ఉపదేశం పొందినవాడు, తన చుట్టూ శిష్యులున్నవాడు. బండికట్ల వీరమ్మ అనే గురువమ్మ పేరు కూడా ఆ పల్లెల కథల్లో వస్తుంది. గురువు చెప్పినదాన్ని ఒంటబట్టించుకుని, దానికోసం తిండీ తిప్పలూ మార్చుకోవడం ఆ వాడలకు కొత్త కాదు. మిషనరీ వచ్చాకే అక్కడ ఆత్మ దాహం పుట్టినట్టు మనం రాస్తుంటాం. అది తప్పు.

1866లో పేరయ్య బాప్తిస్మం పొందాడు. భార్య నాగమ్మతో కలిసి ఇంటి దగ్గరే బంధువులను కూర్చోబెట్టి, తనకు తెలిసినంతలో బోధించాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే నెలలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి పేరయ్య బంధుజనం సిద్ధంగా ఉంది. అక్కడ 28 మందికి బాప్తిస్మం అయింది.

వాళ్లకు చెప్పిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. ఇప్పుడు చదివితే ఆదివారపు బడి పాఠంలా ఉంటాయి. అప్పుడవి ఒక్కొక్కటీ ఊరితో తగవే.

మాదిగవాడి పని ఊరికి కట్టుబడిన పని. చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బాన కట్టాలి, కోతల్లో చేను దిగాలి. ఏడాదికొకసారి కళ్లంలో కొలిచే గింజలే దానికి ప్రతిఫలం. చేను పండి రాలుతుంటే ‘ఈవేళ ఆదివారం, రాను’ అంటే ఆసామికి ఎలా ఉంటుంది? ఇక రెండోది. చచ్చిన గొడ్డును ఈడ్చేవాడికే దాని తోలూ మాంసమూ. ఆకలి కాలాల్లో ఆ మాంసమే పిల్లల కడుపు నింపేది. తోలు పని మానమని ఎవరూ చెప్పలేదు, తినడం మానమన్నారు. అంటే శుద్ధి పేరుతో సగం తిండి వదులుకోవడం. మూడోది అన్నిటికన్నా కష్టం. దేవర జాతరకు డప్పు కొట్టవలసింది వీళ్లే. కొట్టకపోతే, ఆ తర్వాత ఊళ్లో కలరా వచ్చినా అమ్మవారు పోసినా నెపం వీళ్ల మీదే. ఊరి పెద్దలు కట్టుబాటు వేశారు, పనుల్లోంచి తీసేశారు, దొంగ కేసులు పెట్టించారు. చదువు రానివాళ్లు, భూమి లేనివాళ్లు ఈ మూడు ‘వద్దు’లూ పట్టుకుని నిలబడ్డారు. కొందరు జారిపోయారు కూడా. జాతర రోజున డప్పు భుజాన వేసుకున్నవాళ్లను నేను తప్పుపట్టలేను.

ఈ నిలబడటం ఒంటరిగా సాగలేదు. ప్రతి పల్లెలో పెద్దలు, వాళ్లకు బోధకుడు, బోధకులంతా మూడు నెలలకొకసారి ఒంగోలులో కలిసే కూటం. ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చి, ఎవరి మీద కేసు పెట్టారో, ఎవరింట్లో గింజలు లేవో చెప్పుకునేవారు. బోధకుడి పోషణలో పల్లె కూడా భాగం పంచుకునేది, వెనకటి గురువుకు ఇచ్చుకున్నట్టే. అమెరికా డబ్బుతోనే నడిచిందనేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే: బళ్లు, ఆసుపత్రి, మిషనరీ జువెట్ పేరిట కట్టిన స్మారక దేవాలయం. డప్పు గొడవలు చాలాచోట్ల సద్దుమణిగాయి. ఇప్పుడు ధర మరోచోట చెల్లించాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు. మన రాష్ట్రంలో ఆ కులాల నుంచి క్రైస్తవులైనవాళ్లను బీసీ-సీలో చేర్చారు, రిజర్వేషను ఒక్క శాతం. అందుకే బాప్తిస్మపు పుస్తకంలో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు. దీన్ని కపటమని ప్రసంగ పీఠం మీంచి తిట్టేవాళ్లున్నారు. కొన్ని తరాల కింద సగం తిండి వదులుకున్న ఇంటిని, ఇవాళ పిల్లవాడి సీటు కూడా వదులుకోమని అడిగే హక్కు ఎవరికుందో నాకు తెలియదు. ఆ ఉత్తర్వు మార్చాలని అడగడం మాత్రం సంఘం పనేనని నా అభిప్రాయం. జూబిలీ వేదికల మీద ఈ మాట ఎవరూ ఎత్తరు. ఇళ్లలో మాత్రం ప్రతి ఏడూ కాలేజీ దరఖాస్తులు నింపే రోజుల్లో ఎత్తుతూనే ఉన్నారు.