ఏదేని ఒకదానిని గూర్చి వ్యాసము వ్రాయుము

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని మన సంపాదకులు కోరుతూ, విషయాలు కూడా వారే సూచించారు. పెన్షనర్ల ఆరోగ్యం, వృద్ధాప్యంలో కుటుంబం, మన జిల్లా చరిత్ర, ఉద్యోగ జీవితంలో మరపురాని సంఘటన. "వీటిలో ఏదో ఒకటి ఎన్నుకోండి, నాలుగు పేజీలు మించవద్దు" అని లేఖ చివర హెచ్చరిక కూడా ఉంది. చదివి నవ్వుకున్నాను. డెబ్బై దాటిన తర్వాత మళ్లీ పరీక్ష హాలులో కూర్చోబెట్టారు గదా అనిపించింది. ఆ ఆలోచనతోనే, పరీక్షలలో వ్యాసం ప్రశ్నను గురించి, దాని వెనుక జరిగిన పెద్ద పోరాటాన్ని గురించి వ్రాయాలనుకున్నాను. ఇది మన జిల్లా చరిత్రకూ, నా అనుభవానికీ కూడా చెందుతుంది. పరీక్షలో రెండు ప్రశ్నలను ఇలా కలిపితే ఒప్పుకోరు. మిత్రులు ఒప్పుకుంటారని ఆశ.

నేను ఎస్.ఎస్.ఎల్.సి. చదివింది 1966లో. తెలుగు ప్రశ్నపత్రంలో "ఈ క్రింది వానిలో ఏదేని ఒకదానిని గూర్చి వ్యాసము వ్రాయుము" అని ఉండేది. దాని క్రింద మూడో నాలుగో అంశాలు. దేశభక్తి, వార్తాపత్రికలు, విజ్ఞానశాస్త్ర ప్రగతి, ఇలాంటివి. పిల్లలందరూ గైడులో ఉన్న రెండు మూడు వ్యాసాలు బట్టీ పట్టి, వాటిలో ఒకటైనా రాకపోతుందా అని దేవుడికి మొక్కుకునేవారు.

అర్ధసంవత్సర పరీక్షలో ఒక అంశం "మీ గ్రామమునందలి చెరువు" అని వచ్చింది. మాది చెరువు క్రింద రెండు కయ్యలు ఉన్న చిన్న సేద్యగాళ్ల ఇల్లు. చెరువు నాకు తెలిసినంతగా ఇంకేదీ తెలియదు. కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో, తూము ఎప్పుడు తీస్తారో, నీరుగంటి ఏ వరుసలో కయ్యలకు నీళ్లు వదులుతాడో, గెనిమ తెగితే ఎవరెవరు పోట్లాడుకుంటారో, మొరవ పోయిన సంవత్సరం ఊరంతా ఎలా సంబరపడిందో, అన్నీ వ్రాశాను. రెండున్నర పేజీలు వచ్చింది.

ఇరవైకి ఆరు మార్కులు వచ్చాయి. "కయ్య" అన్న చోట ఎర్ర సిరాతో సున్న చుట్టి, "కయ్యము అనగా కలహము" అని వ్రాసి ఉంది. గెనిమ, మొరవ అన్న మాటల క్రింద "గ్రామ్యము" అని గీతలు. నా ప్రక్కన కూర్చునే అబ్బాయి "వార్తాపత్రికలు" వ్రాసి పద్నాలుగు తెచ్చుకున్నాడు. వాళ్ల ఇంటికి పత్రిక వచ్చేది కాదు. ఆ అయ్యవారు చెడ్డవారు కాదు. ఆయనకు నేర్పినట్టే ఆయన దిద్దారు.

ఇంటికి పోతే మా నాయన అడిగాడు: "దేని గురించి రాసినావురా?"

"మన చెరువు గురించి రాసినా నాయనా. మార్కులు రాలేదు."

"చెరువు గురించి నీకు తెలీదంటే ఇంకెవురికి తెలస్తాది?" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగ విరమణ తర్వాత తీరికగా గ్రంథాలయానికి పోయి పాత పుస్తకాలు తిరగేస్తుంటే, ఆ జవాబు మా నాయన కూడా పుట్టని కాలంలో ఉందని తెలిసింది.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో ఏర్పడింది. మన ప్రాంతపు పెద్ద పరీక్షలన్నీ చాలా కాలం దాని క్రిందనే జరిగాయి. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వచ్చాయి. బడులలో అదే తెలుగు ప్రమాణమైంది. ఇంట్లో ఎవరూ మాట్లాడని ఆ తెలుగులోనే పిల్లవాడు వ్యాసం వ్రాయాలి. సంధి తప్పితే మార్కు పోతుంది, అరసున్న తప్పితే మార్కు పోతుంది.

1904 విశ్వవిద్యాలయాల చట్టం తర్వాత చదువుల పద్ధతి మారింది. ఎఫ్.ఏ. స్థానంలో ఇంటర్మీడియట్ వచ్చింది, మెట్రిక్యులేషన్ స్థానంలో స్కూలు ఫైనలు వచ్చింది. దేశభాషలో వ్యాసరచనకు ప్రాధాన్యం పెరిగింది. దానితో ఒక చిక్కు వచ్చి పడింది. "తెలుగులో వ్యాసము వ్రాయుము" అంటే ఏ తెలుగులో? ప్రశ్నపత్రంలో అంశాన్ని ఎన్నుకునే స్వేచ్ఛ పిల్లవాడికి ఉంది. భాషను ఎన్నుకునే స్వేచ్ఛ ఉందా, లేదా?

ఈ ప్రశ్న వేసినవారు మన వైపు వారు కారు. ఉత్తర సర్కారులలో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు, విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల ఇన్స్పెక్టరు జె.ఏ. యేట్స్ దొర, ఈ నలుగురూ కలిసి ఉద్యమం నడిపారు. శిష్టులు మాట్లాడే భాషలో వ్రాయనిస్తేనే పిల్లవాడు తన ఆలోచనను కాగితం మీద పెట్టగలడని వారి వాదం.

ఇక్కడ మన జిల్లా వారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఉత్తరార్కాటు నుంచి, కడప నుంచి తాలూకాలు తీసి చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేసింది 1911 ఏప్రిల్ 1న. అదే 1911లో గురజాడవారిని మద్రాసు విశ్వవిద్యాలయం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యునిగా నియమించింది. అదే సంవత్సరం మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి, కావ్యభాష పక్షం వహించింది. మన జిల్లా పుట్టిననాడే ఈ వివాదం కూడా ముదిరిందన్నమాట.

1912-13 ప్రాంతంలో స్కూలు ఫైనలు బోర్డు ఒక మంచి పని చేసింది. వ్యాసాన్ని కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని తెలిపింది. ఆధునిక భాషకు మచ్చుగా చూపినవాటిలో ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర ఒకటి. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసి, అంటే మన బోటి ఉద్యోగి. 1830లో మద్రాసు నుంచి బయలుదేరి, తిరుపతి మీదుగా కాశీకి పోతూ, దారిలో చూచినది చూచినట్టు వ్రాసుకున్నారు. ఆయన పోయిన తర్వాత 1838లో అది అచ్చయింది. పండితుడు కాని ఒక సర్కారు ఉద్యోగి దినచర్య విద్యార్థులకు మాదిరి కావడం మన వర్గానికి గర్వకారణమే.

ఎదుటి పక్షం వారు కూడా సామాన్యులు కారు. జయంతి రామయ్య పంతులుగారు, వేదం వేంకటరాయశాస్త్రిగారు వంటి పెద్దలు. వేదం వారు తమ ప్రతాపరుద్రీయ నాటకంలో సామాన్య పాత్రలచేత వాడుక మాటలే పలికించారు. అయినా పరీక్షలో దానిని ఒప్పుకోలేదు. వారి వాదం కొట్టిపారేయదగినది కాదు. గంజాం నుంచి చిత్తూరు దాకా ఊరికొక మాట ఉంది. ఎవరి మాటలో వారు వ్రాస్తే దిద్దేవారు ఏ కొలతతో కొలవాలి? వేయి సంవత్సరాల కావ్యాలు రేపటి పిల్లలకు అర్థమవుతాయా? ముప్పై ఏండ్లకు పైగా ఫైళ్లు చూచినవాడిగా నేను ఒప్పుకుంటాను, అందరికీ ఒకే నమూనా ఉంటే పని సులభం. అయితే నమూనా కాగితం పని జరగడానికి ఉండాలి గాని, అర్జీదారుణ్ణి వెనక్కు పంపడానికి కాదు.

1913లో ఇరుపక్షాలూ తమ వాదాలను ఇంగ్లీషులో గ్రంథాలుగా అచ్చు వేసి అధికారులకు అందజేశాయి. విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘంలో ఎక్కువమంది కావ్యభాషవైపే మొగ్గారు. 1914లో గురజాడవారు దీర్ఘమైన అసమ్మతి పత్రం వ్రాసి ఇచ్చారు. స్కూలు ఫైనలులో దొరికిన స్వేచ్ఛ కూడా నిలవలేదు. 1915 నవంబరు 30న గురజాడవారు కన్నుమూశారు.

అసమ్మతి పత్రం అంటే ఏమిటో మనకు తెలుసు. పై అధికారి నిర్ణయం అయిపోయిన తర్వాత అది ఫైలులో అడుగున పడి ఉంటుంది. కాని ఎన్నో ఏండ్ల తర్వాత ఫైలు మళ్లీ తెరిచినవాడు మొదట వెతికేది దానినే. ఇక్కడా అదే జరిగింది.

గిడుగువారు విడిచిపెట్టలేదు. 1919లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగంగారి అధ్యక్షతన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గిడుగువారు "తెలుగు" అనే పత్రిక నడిపారు. కావ్యభాషే వ్రాయాలన్న పండితుల పుస్తకాలలోనే ఎన్ని తప్పులు దొర్లాయో ఎత్తి చూపారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద నిషేధాన్ని ఎత్తివేసింది. పత్రికలు, కథలు, నవలలు మెల్లగా మారాయి. 1940 జనవరి 22న గిడుగువారు పోయేనాటికి సాహిత్యంలో వారి పక్షమే గెలిచింది. ఇప్పుడు మనం వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

కాని పరీక్ష హాలు దాకా ఆ గెలుపు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. గురజాడవారి అసమ్మతి పత్రం 1914లోది. నా జవాబు పత్రం మీద ఎర్ర సిరా 1966లోది. మధ్య యాభై రెండు సంవత్సరాలు. విచిత్రమేమంటే, అదే 1966లో తెలుగును అధికార భాషగా చేస్తూ మన శాసనసభ చట్టం చేసింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి వాడుక భాషలో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. మా తమ్ముడు ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి పుస్తకాలలో "వివరింపుము" పోయి "వివరించండి" వచ్చింది. వాడికి అది మామూలు సంగతి. నాకు మాత్రం ఎవరో తలుపు తీసినట్టు ఉండింది.

భాష సంగతి అలా ఉంచి, అంశాన్ని ఎన్నుకోవడం గురించి మన చిత్తూరు వారే ఒక పాఠం నేర్పారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1880లో చిత్తూరు ప్రక్కన కట్టమంచిలో పుట్టారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపాధ్యక్షులయ్యారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉండగా, 1899లో అక్కడి ఆంధ్ర భాషాభిరంజని సమాజం పెట్టిన పోటీకి ఆయన వ్రాసిన కావ్యమే ముసలమ్మ మరణం. దానికి బహుమతి వచ్చింది. పురాణాలలో ఎన్నో కథలు ఉండగా ఆయన తీసుకున్నది అనంతపురం ప్రక్కన బుక్కరాయసముద్రం చెరువు కథ. కట్ట తెగబోతే ఊరి కోసం ప్రాణం ఇచ్చిన ఒక సామాన్యమైన ఇంటి కోడలి కథ. ఆయన వ్రాసింది కావ్యభాషలోనే, కాని ఎన్నుకున్నది రాయలసీమ చెరువును. ఇది చదివిన రోజు, చెరువును ఎన్నుకోవడంలో నేను పొరపాటు చేయలేదని మనసు కుదుటపడింది.

ఎన్నుకోవడం ఒక ఎత్తు, ప్రశ్నను అర్థం చేసుకోవడం ఒక ఎత్తు. ఇందులో పొరపాటు పూర్తిగా నాదే. గుమాస్తాగా చేరిన క్రొత్తలో డిపార్ట్‌మెంటల్ పరీక్ష ఒకటి తప్పాను. ప్రయాణ భత్యం మీద ప్రశ్న. ఫలానా ఉద్యోగికి ఫలానా సందర్భంలో ఎంత వస్తుందో, ఎందుకో చెప్పమన్నారు. నేను నాకు తెలిసిన నియమాలన్నీ మూడు పేజీలు వ్రాసి, లెక్క మాత్రం వేయలేదు. అప్పుడు మా హెడ్ గుమాస్తాగారు చెప్పిన మాట ఇప్పటికీ గుర్తు. "అబ్బాయ్, పైనుంచి రెఫరెన్సు వస్తే వాళ్లు అడిగింది చెప్తావా, నీకు తెలిసింది చెప్తావా?" రెండోసారి ప్రతి ప్రశ్నలోనూ చివరి మాట క్రింద పెన్సిలుతో గీత గీసుకున్నాను. వివరింపుము అంటే విప్పి చెప్పడం. పోల్చుము అంటే రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టడం. చర్చింపుము అంటే అటూ ఇటూ చెప్పి తన అభిప్రాయం తేల్చడం. ఆ సారి గట్టెక్కాను.

మొన్న వేసవిలో మా మనవరాలు గ్రూప్-1 పరీక్షకు చదువుకుంటూ నా దగ్గర నెల రోజులు ఉంది. మెయిన్స్‌లో సాధారణ వ్యాసం ఒక పేపరు గదా. "నీటి ఎద్దడి" మీద వ్రాసి నాకు చూపించింది. అంకెలు, పథకాల పేర్లు అన్నీ ఉన్నాయి. ఊరు లేదు, చెరువు లేదు. మన ఊరి చెరువు సంగతి ఒక పేరాలో వ్రాయమని, నా ఆనాటి వ్యాసంలో ఉన్నదంతా చెప్పుకుంటూ పోయాను. శ్రద్ధగా వ్రాసుకుంటూ మధ్యలో తలెత్తి అడిగింది:

"కయ్య అంటే ఏంది తాతా?"

నాకు కాసేపు మాట రాలేదు. ఆ మాట వ్రాసినందుకు ఒకనాడు నాకు మార్కులు పోయాయి. ఈనాడు దానిని వ్రాస్తే ఎవరూ ఎర్ర సిరా పెట్టరు. కాని వ్రాయడానికి పిల్లల దగ్గర ఆ మాటే లేదు. గెనిమ, మొరవ, నీరుగంటి, ఏదీ దానికి తెలియదు. గిడుగువారు, గురజాడవారు పోట్లాడి తెచ్చిన స్వేచ్ఛ మన పిల్లల చేతికి వచ్చింది. దానిలో పెట్టవలసిన సరుకును మనం అందించలేదు.

కనుక సభ్యులకు నా మనవి. సెలవులకు మనవలు, మనవరాండ్రు వచ్చినప్పుడు మన ఊరి చెరువు, సంత, తిరుణాల, ఇలా నాలుగు అంశాలు వ్రాసి ఇచ్చి, ఏదో ఒకటి ఎన్నుకోమనండి. వారు వ్రాసింది ముందు పూర్తిగా చదవండి. తర్వాత మీకు తెలిసిన మాటలు చెప్పి, వాటిని చేర్చమనండి. మార్కులు వేయవలసిన పని లేదు. నా చేత ఎర్ర పెన్ను కూడా లేదు, ఇంటికి తెచ్చుకోవడం మానేశాను.