2003 పుష్కరాల ఫోటోలు ఎక్కడున్నాయి? పాత డిజిటల్ కెమెరా కథ

మీ ఇంట్లో బీరువా పై అరలో, పెళ్లి ఆల్బమ్‌ల వెనకాల ఒకసారి వెతకండి. చిన్న డిజిటల్ కెమెరా ఒకటి దొరకొచ్చు. మన గోదావరి జిల్లాల్లో దాని కాలం దాదాపు రెండు పుష్కరాల మధ్య కాలం. అంటే 2003 నుంచి 2015 దాకా.

కథ మొదలైంది అమెరికాలో. 1975లో కొడాక్ ఇంజనీర్ స్టీవెన్ సాసన్ చేతితో పట్టుకునే డిజిటల్ కెమెరా తయారుచేశాడు. 0.01 మెగాపిక్సెల్, అదీ బ్లాక్ అండ్ వైట్. ఒక్క బొమ్మ క్యాసెట్‌లోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది!

2003 పుష్కరాల నాటికి మన దగ్గర కెమెరా ఉన్నవాళ్లలో ఎక్కువమందిది ఫిల్మ్ కెమెరానే. రోల్‌కి 36 ఫోటోలు, తర్వాత స్టూడియోలో కడిగించుకోవాలి. అదే ఏడాది కానన్ పవర్‌షాట్ ఏ70 వచ్చింది. 3.2 మెగాపిక్సెల్, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. దాంతో ఇచ్చే 16 ఎంబీ కార్డులో మంచి క్వాలిటీ ఫోటోలు పది కూడా పట్టవు. 2015 పుష్కరాలకి వచ్చేసరికి ఘాట్లలో ఎక్కడ చూసినా ఫోన్లే.

మరి ఇప్పుడు ఆ పాత కెమెరాతో ఏంటి సరదా? మీ ఫోన్ చాలాసార్లు వరసగా కొన్ని ఫ్రేములు తీసి, కలిపి, నీడల్ని వెలుగు చేసి ఇస్తుంది. పాత కెమెరా ఒక్క ఫ్రేమే తీస్తుంది. సాయంత్రం రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి హేవలాక్ బ్రిడ్జి తీయండి. 1997లో రైళ్లు ఆగిపోయిన ఆ వంతెన నల్లటి గీతలా వస్తుంది, నీళ్లు బంగారంలా మెరుస్తాయి. సూర్యుడికి ఎదురుగా పెడితే స్క్రీన్ మీద నిలువుగా తెల్ల చార పడుతుంది. కంగారు పడకండి, అది సీసీడీ సెన్సర్ లక్షణం. ఫోటోలో మామూలుగా అది రాదు. బటన్ నొక్కాక క్షణం ఆలస్యంగా క్లిక్ అవుతుంది కాబట్టి పడవ ఎక్కడికి వస్తుందో ముందే ఊహించాలి. ఆ ఎదురుచూపులోనే ఉంది మజా అంతా.

కానీ అసలు విషయం వేరే ఉంది. ఫిల్మ్ కాలం ఫోటోలు ఆల్బమ్‌లో ఉన్నాయి. ఫోన్ కాలం ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయి. మధ్యలో ఆ పన్నెండేళ్ల ఫోటోలు? సీడీల్లో, పాత మెమరీ కార్డుల్లో, పాడైపోయిన కంప్యూటర్లలో. ఇంట్లో రాసుకునే సీడీలో డేటా ఉండేది రంగు పొర మీద. వేడికి, తేమకి అది చెడిపోతుంది. మన డెల్టాలో ఆ రెండింటికీ కొదవ లేదు కదా! మీ తాతగారి షష్టిపూర్తి, మీ అమ్మ ఎత్తుకున్న మీ మొదటి ఫోటో అందులోనే ఉండొచ్చు.

అందుకే కెమెరా దొరికితే ముందు కార్డు తీసి కాపీ చేయండి. బ్యాటరీలు లోపల ఉంటే కారిపోయాయేమో చూసి తీసేయండి. తర్వాత కొత్తవి వేసి, తేదీ సరిచేసి గోదారి గట్టుకి వెళ్లండి. 2027లో మళ్లీ పుష్కరాలు. 2003లో మీవాళ్లు ఏ రేవులో నిలబడి ఫోటో దిగారో కనుక్కోండి. అదే రేవులో, అదే కెమెరాతో ఇంకొకటి తీయండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!