ఓరుగల్లు కోట ప్రాకారాల వెంట కాలినడక

వరంగల్ కోటకు విచ్చేసే సందర్శకులలో అత్యధికులు నడుమనున్న కీర్తి తోరణాలను తిలకించి, ఛాయాచిత్రాలు తీసుకొని వెనుదిరుగుతుంటారు. కాకతీయుల దుర్గ నిర్మాణ ప్రతిభ తెలియాలంటే మాత్రం ప్రాకారాల వెంట నడవవలసిందే.

పడమటి ద్వారం వద్ద నడక ఆరంభించడం సముచితం. గణపతిదేవ చక్రవర్తి (1199-1262) ప్రారంభించిన రాతికోటను ఆయన కుమార్తె రుద్రమదేవి పూర్తి చేయించారు. సుమారు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో వలయాకారంలో ఉన్న ఈ గోడకు 45 బురుజులు, వెలుపల అగడ్త ఉన్నాయి. ద్వారం నేరుగా లోనికి తెరుచుకోదు. బాట మలుపులు తిరిగిన పిదపనే లోపలికి ప్రవేశం. ఏనుగులతో తలుపులను పగులగొట్టించే శత్రువుకు వేగం అందుకునే చోటు దక్కకుండా చేసిన ఏర్పాటిది. వాహనాలలో వచ్చేవారికి ఈ మలుపులు చికాకు కలిగించవచ్చును గాని, నడిచేవారికి యుద్ధతంత్రం ఇక్కడే బోధపడుతుంది.

మధ్యనున్న నాలుగు తోరణాలను కోట ద్వారాలుగా పేర్కొనడం పత్రికలలో పరిపాటి అయింది. అవి కోట ద్వారాలు కావు. శిథిలమైన స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు దిక్కులా నిలిపినవి. 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చోటు పొందినది ఈ తోరణమే.

తూర్పు ద్వారం దాటి సుమారు 600 మీటర్లు సాగితే మట్టికోట ఎదురవుతుంది. దాని వ్యాసం దాదాపు 2.4 కిలోమీటర్లు. ఈ మట్టిగోడ దృఢత్వాన్ని శత్రుపక్షపు కవి అమీర్ ఖుస్రో సైతం కొనియాడాడు. 1310లో మాలిక్ కాఫూర్ సేనలు దీనిని దాటి రాతికోట అగడ్తను చేరిన తరువాతనే ప్రతాపరుద్రుడు సంధికి అంగీకరించాడు. 1323లో ఉలుగ్ ఖాన్ ముట్టడితో కోట ఢిల్లీ సుల్తానుల వశమైంది.

నేడు అధికారులు ప్రత్యేక శ్రద్ధ చూపవలసినది ఈ మట్టికోటపైననే. తెలియనివారికి అది పొదలు పెరిగిన చెరువుకట్ట వలె తోస్తుంది. పడిపోయిన రాయిని తిరిగి నిలపవచ్చు; తరలిపోయిన మట్టిని యథాతథంగా తేలేము. పురావస్తు కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ మేరకు సంరక్షిత ప్రదేశం హద్దు నుండి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. లే-అవుట్లు, రహదారుల ప్రతిపాదనలు పరిశీలించే సిబ్బంది ఒకమారు ఈ గోడ వెంట స్వయంగా నడిచి చూడడం మేలు.

వేసవిలో ఉదయం వేళ బయలుదేరి, తాగునీరు వెంట ఉంచుకోవాలి. వర్షాకాలంలో మట్టికోట వాలుపై కాలు జారే ప్రమాదం ఉంది.