జంతువులలో స్వలింగ ప్రవర్తన

ఒకే లింగానికి చెందిన జంతువులు జతకట్టడం, జంటగా పిల్లలను పెంచడం వంటి వాటిని స్వలింగ ప్రవర్తన అంటారు. స్వలింగ సంపర్కం ప్రకృతి విరుద్ధమనే వాదనకు, పశుపక్ష్యాదులలో అది లేదన్న నమ్మకం చాలాకాలం ఊతంగా ఉండేది. ఆ నమ్మకం నిలవలేదు. 1999లో జీవశాస్త్రవేత్త బ్రూస్ బాగెమిల్ తన గ్రంథంలో సుమారు 450 జాతుల నుంచి ఉదాహరణలు సేకరించాడు.

వీటిలో బాగా పరిశీలించినవి హవాయిలోని ఒవాహు దీవి లేసాన్ ఆల్బట్రాస్ పక్షులు. అక్కడి జంటలలో 31 శాతం ఆడ-ఆడ జంటలేనని 2008లో వెల్లడైంది. మగవి తక్కువ. అందువల్ల ఆడపక్షి వేరే జంటలోని మగపక్షితో కలిసి గుడ్డు పెడుతుంది; పొదగడం, పెంచడం రెండు ఆడపక్షులూ పంచుకుంటాయి. కొరతే కారణమని అన్నిచోట్లా చెప్పలేం: పెంపుడు పొట్టేళ్లలో దాదాపు 8 శాతం, ఆడగొర్రెలు అందుబాటులో ఉన్నా పొట్టేళ్లనే ఎంచుకుంటాయి.

పరిశీలకుల సంకోచం కూడా ఈ సమాచారాన్ని మరుగుపరిచింది. 1911-12లో అంటార్కిటికాలో అడేలీ పెంగ్విన్లను గమనించిన బ్రిటిష్ వైద్యుడు జార్జ్ మరే లెవిక్, వాటి లైంగిక ప్రవర్తన గురించిన కొన్ని విషయాలను అందరూ చదవలేకుండా గ్రీకు లిపిలో రాసుకున్నాడు. అవి 2012లో గానీ అందరికీ తెలియలేదు.

అయితే ప్రకృతిలో ఉన్నదల్లా మనిషికి ఆదర్శం కాదు. హనుమాన్ లంగూర్లలో గుంపును చేజిక్కించుకున్న మగది పసికూనలను చంపడమూ ఉంది. జంతువుల సాక్ష్యం 'ప్రకృతిలో లేదు' అన్న మాటను మాత్రమే కొట్టివేస్తుంది, నీతిని నిర్ణయించదు.

'ప్రకృతి విరుద్ధం' అన్న వాదన చట్టంలోకీ వచ్చింది: స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసిన, 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ 'ప్రకృతి క్రమానికి విరుద్ధం' అన్న ప్రాతిపదికపైనే రూపొందింది. వయోజనుల పరస్పర సమ్మత సంబంధాలను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న దాని పరిధి నుంచి తప్పించింది.